వేపమొక్క మొదట్లో దొరికిన గుల్లలు

తొంభైల చివర్లో, అనంతపురంలో ఎమ్మెస్సీ ఆఖరి ఏడు. మా సారు నాకిచ్చిన ప్రాజెక్టు పేరు వింటేనే ఇంట్లో అందరూ నవ్వారు. గుల్ల అమీబాలు! ఒక్కటే కణం ఉన్న ప్రాణి ఇది, ఇసుక రేణువులు అతికించుకుని తన చుట్టూ తానే గుల్ల కట్టుకుంటుంది. కుంట మధ్యలో దొరికేవాటికి ఉబ్బెత్తు గుల్ల, వెడల్పు మూతి. తడి ఆరిపోయే గట్టు పక్కన దొరికేవాటి గుల్ల రొట్టెలా అణిగి ఉంటుంది, సన్నటి మూతి కిందికి దాగి ఉంటుంది. తరాలు గడిచేకొద్దీ ఈ ఆకారమే ఒక వంశాన్ని వేరువేరు జాతులుగా చీలుస్తుందా అన్నది నా ప్రశ్న.

ఉరవకొండ దగ్గర మా ఊరి కుంటలోంచి బురదనీళ్లు ఎనిమిది ఊరగాయ సీసాల్లో తెచ్చి ల్యాబులో పెట్టుకున్నాను. మైక్రోస్కోపులో చూస్తూ గుల్లల బొమ్మలు సగం గీశాక, చిన్నాన్న పెళ్లని పదిహేను రోజులు ఊరికి పోయాను. తిరిగొచ్చి చూస్తే సీసాలు తళతళ మెరుస్తున్నాయి. నిండా తేట నీళ్లు, పైన శుభ్రమైన గుడ్డలు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

రిటైరయ్యే వయసొచ్చిన మా అటెండరు సంబరంగా ఎదురొచ్చాడు.

“నువ్వు పోయిన మర్నాడే మంచినీళ్ల ట్యాంకరు వచ్చింది పాపా. ఆ కంపు నీళ్లు తీసేసి, సీసాలు బూడిదేసి తోమి, మంచినీళ్లు పట్టిపెట్టినా. ఎవుర్నీ ముట్టనీలేదు, నీకనే దాచినా. తాగు.”

“నిన్నెవురు ముట్టుకోమన్న్యారన్నా? నా చదువంతా ఆ కంపు నీళ్లలోనే ఉండాది! సర్వనాశనం చేసినావు కదా!”

కోపమొస్తే నేను ముందూ వెనకా చూసుకోను. ఇంకా చాలా అన్నాను. ఆయన తల దించుకుని వెళ్లిపోయాడు.

మళ్లీ తెచ్చుకుందామంటే కుంట ఎండిపోయింది. అడుగు బురద కూడా ట్రాక్టర్లకెత్తి చేలకు తోలుకోవడం పెళ్లికి పోయినప్పుడు నేనే చూశాను. రిపోర్టు ఇవ్వకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. ఇంకో ఏడాది చదివించడం తన వల్ల కాదని నాయన ముందే తేల్చి చెప్పాడు. రెండు రోజులు హాస్టల్లో ముసుగుతన్ని ఏడ్చాను.

మూడో రోజు ల్యాబుకు పోతే అటెండరు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

“పాపా, ఆ నీళ్లు నేను మోరీలో పోయలేదు. ఈ కరువులో అంత పాపం చేస్తానా? వెనకాల నేను నాటిన వేపమొక్కకు పోసినా. మన్ను ఆడనే ఉండాది.”

పరుగెత్తాను. ట్యాంకరు మళ్లీ రాలేదు కాబట్టి మొక్క మొదలు బాగా ఎండి ఉంది. ఎర్రమట్టి మీద మా కుంట నల్లమట్టి పొరలా కట్టి, నెర్రెలిచ్చింది. దాన్ని స్పూనుతో గీకి గాజు పళ్లేల్లో వేశాను. తడపడానికి ఆయన దాచిన సీసాల్లోనే ఒకటి విప్పాను.

“ఆశలు పెట్టుకోకమ్మా,” అన్నారు సారు.

తడిపిన నాలుగో రోజు పొద్దున మైక్రోస్కోపులో చూస్తే ఉబ్బెత్తు గుల్లలన్నీ ఖాళీ. పళ్లెం తర్వాత పళ్లెం, అన్నీ ఖాళీయే. ఇక లేద్దామనుకుంటుండగా ఒక అణిగిన గుల్ల కదిలింది. మూతి కిందనుంచి మెల్లగా వేలులాంటి కాలు బయటికి చాపింది. దాని పక్కన ఇంకొకటి!

“అమ్మయ్య!” అని నేను పెట్టిన కేకకు పక్క గదిలోంచి సారు పరుగెత్తుకొచ్చారు. చాలాసేపు చూశారు.

“ఎండబెట్టి చూడాలన్న బుద్ధి మనకెందుకు రాలేదమ్మా?” అన్నారు.

ఒకే కుంట, ఒకే ఎండ. ఆకారం వల్ల లోపలి తడి నిలుపుకోగలిగినవి బతికాయి. బతికినవాటికే పిల్లలు, ఆ పిల్లలకూ అదే ఆకారం. నా ప్రశ్నకు పూర్తి జవాబు కాదు గానీ రిపోర్టు గట్టెక్కడానికి అది చాలు. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

అటెండరు పెద్దాయన్ని పిలిచి చూపించాను. ఒక కన్ను మూసుకుని చూశాడు.

“ఈ మాత్రం పురుగులకా పాపా నన్నంత తిట్టినావు?”

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. “తప్పయిపోయిందన్నా,” అన్నాను.

“సరేలే. ఇంకా ఏడు సీసాలుండాయి. ఇప్పుడన్నా తాగుతావా?”

అక్కడే నిలబడి సగం సీసా తాగి, మిగతాది ఆయన చేతికిచ్చాను. వద్దు వద్దంటూనే అందుకుని, తలెత్తి చివరి చుక్కదాకా గటగటా తాగేశాడు. అన్ని రోజులూ తను కూడా వాటిని ముట్టలేదని నాకు అప్పుడే తెలిసింది.