మరియమ్మ జుట్టు మీద పడిన నింద

2022 శీతాకాలం. ఎమ్మిగనూరు బయట ఒక స్పిన్నింగ్ మిల్లులో, అంటే దూదిని నూలుగా వడికే చోట, నేను క్వాలిటీ ఇన్‌ఛార్జిని. మా మిల్లు రొద ఎంతటిదంటే, అక్కడ కొన్నాళ్లు పనిచేసినవాడు ఇంటికెళ్లి భార్య చెవిలో గుసగుసలాడినా పక్క వీధివాళ్లు జవాబిస్తారు. మాకు దూది ఆదోనిలోని ఒక జిన్నింగ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చేది. రైతులు తెచ్చిన పత్తిలోంచి గింజ తీసి, దూదిని అదిమి బేళ్లు కట్టడం వాళ్ల పని. యజమాని మస్తానన్న.

చలి ముదిరాక, మా నూలుతో బనియన్ల గుడ్డ అల్లే కంపెనీ నుంచి ఫిర్యాదు వచ్చింది. తెల్లటి గుడ్డలో అక్కడక్కడా నల్ల పోగులట. కనురెప్ప వెంట్రుకంత చిన్నవే. కానీ తెల్ల బనియను మీద అదే ముందు కనిపిస్తుంది. వాళ్లు 8డి రిపోర్టు అడిగారు. సరఫరా చేసిన సరుకులో లోపం వస్తే, దాన్ని ఎలా ఆపామో, మళ్లీ రాకుండా ఏం చేశామో ఎనిమిది మెట్లలో చెప్పే సంజాయిషీ అది. అయితే మూలకారణాన్ని ఏ పద్ధతిలో వెతకాలో 8డి నిర్ణయించదు. ఆ ఎంపిక మనదే. ఈ కేసులో చిక్కంతా అక్కడే వచ్చింది.

మా మేనేజరు 5 వై పద్ధతి అందుకున్నారు. ‘ఎందుకు’ అని ఐదుసార్లు అడుగుతూ లోపలికి దిగితే వేరు దొరుకుతుందని దాని నమ్మకం. గుడ్డలో నలుపెందుకు? నూలులో ఉంది గనక. నూలులో ఎందుకు? బేలులో ఉంది గనక. అక్కడ ఆగి ఆ పోగును కాల్చి చూశాం. దూదైతే కాగితం కాలిన వాసన వస్తుంది, ప్లాస్టిక్కయితే కరిగి ముద్దవుతుంది. ఇది వెంట్రుకలు కాలిన కంపు కొట్టింది. ఆ కంపుకు మీటింగు గదిలో ఫ్యాను సైతం ముఖం తిప్పుకుంది. వెంట్రుక ఎవరిది? ఇంకెవరిది, జిన్నింగుకు ముందు కూర్చుని పత్తిలోంచి ఆకులూ గోనెపీచూ ఏరే ఆడవాళ్లది. ఐదో ‘ఎందుకు’ వాళ్ల తలల మీద వాలి కూర్చుంది.

మస్తానన్న అందరికీ గుడ్డ టోపీలు కుట్టించాడు. నల్ల పోగులు ఆగలేదు. దాంతో మా మిల్లు గట్టిగా చెప్పింది: ఏరే బృందాన్ని మార్చాలి, లేకపోతే బేళ్లు తీసుకోం. ఆ మాట వినగానే మస్తానన్న నాకు ఫోన్ చేశాడు. “నా నోటితో నేను సెప్పలేనప్పా. నువ్వే వచ్చి సెప్పుపో” అన్నాడు.

వెళ్లాను. బృందానికి పెద్ద మరియమ్మ. నేను చుట్టూ తిప్పి చెబుతున్నదంతా విని, తల మీది టోపీ తీసింది.

“దసరా దాకా బాగున్న జుట్టు సలికాలం రాంగానే సెడిపోయిందా సార్? గుండు కొట్టిచ్చుకుందామంటే నేను చర్చికి పోయేదాన్ని, నాకా మొక్కు లేదు.”

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. “ఈ పని పోతే పిల్లోల్లను బడి మాన్పించి సుగ్గికి పోవాల. అది కూడా మీ కాగితంలో రాసుకోండి” అంది. సుగ్గికి పోవడమంటే ఇల్లు తాళం వేసి, గుంటూరు వైపు మిరప కోతలకు వలస పోవడం.

ఆమె ‘దసరా దాకా’ అన్న మాట నా వెంట ఎమ్మిగనూరు దాకా వచ్చింది. అవే చేతులు, అవే యంత్రాలు మంచి బేలూ ఇస్తున్నాయి, చెడ్డదీ ఇస్తున్నాయి. అలాంటప్పుడు 5 వై ఒకే దారి పట్టుకుని పోయి, ఎదురైన మొదటి మనిషి మీద పడుతుంది. ఇక్కడ పనికొచ్చేది ఈజ్–ఈజ్ నాట్. లోపం ఉన్న సరుకునూ లేని సరుకునూ ఎదురెదురుగా పెట్టి, రెండింటికీ తేడా ఎక్కడుందో చూసే పద్ధతి. మేనేజరును బతిమాలి కొంత గడువు తెచ్చాను.

దానికి ప్రతి బండి పత్తినీ విడివిడిగా ఆడించాలి. జిన్నింగ్ యజమానికి అంతకు మించిన తలనొప్పి లేదు. బృందాన్ని మార్చేసి మస్తానన్న హాయిగా ఉండవచ్చు. కానీ ఆయన అన్నది ఒకే మాట: “తప్పు నా గేటు లోపలుంటే నాకూ తెలియాల గదప్పా.” బండి బండికీ యంత్రం ఆపించి, శుభ్రంగా ఊడ్పించి, మళ్లీ నడిపించాడు.

తేడా తేలింది. సంచుల్లో కుక్కి తెచ్చిన పత్తిలో నలుపు లేదు. మధ్యాహ్నం వచ్చిన బండ్లలో లేదు. తెల్లవారుజామున ట్రాక్టర్లలో విడిగా పోసుకొచ్చిన పత్తిలో ఉంది. ఏరిందంతా మరియమ్మ బృందమే. అంటే ఆ పోగు గేటు దాటకముందే పత్తిలో చేరుతోంది. ఎలా చేరుతోందో కాగితం మీద దొరకదు, పోయి చూడాల్సిందే.

వేకువనే ఆదోని చేరాను. టీ గ్లాసులోంచి ఆవిరి బయటికి రావడానికే జంకే చలి. గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. సి.బెళగల్ నుంచి వచ్చిన రైతు ఒకాయన నన్ను చూసి జాలిపడ్డాడు. “నీ పండ్లు కొట్టుకునే సప్పుడుకు నా ట్రాక్టరు స్టార్టయ్యేట్టుంది సామీ, ఇది కప్పుకో” అంటూ పత్తి మీద పరిచిన నల్ల కంబళి తీసి ఇచ్చాడు. మంచుకు పత్తి తడిస్తే ఎవరూ సరిగా కొనరట. అందుకని చలి మొదలైతే అందరూ ఇలాగే కప్పుకొస్తారట. నేను ఆ కంబళిలో దూరి, వెచ్చగా ఆయన చెప్పేదంతా విన్నాను. విన్నానే గానీ, ఏం విన్నానో నా బుర్రకెక్కలేదు.

బాగా వెలుగొచ్చాక కంబళి ఇచ్చేసి మస్తానన్న దగ్గరికి వెళ్లాను. ఆయన నా తెల్ల చొక్కా భుజం మీద నుంచి ఏదో తీసి వెలుతురుకు పట్టాడు.

“ఏమప్పా, మరియమ్మ జుట్టు నీ సొక్కా మీదికి యాడి నుంచి వచ్చె?”

కంబళి నేసే గొర్రె బొచ్చు కాల్చినా వెంట్రుక కంపే కొడుతుంది. బేలులో దొరికిన పోగునూ నా చొక్కా మీది పోగునూ మా ల్యాబులో మైక్రోస్కోపు కింద పెడితే అన్నదమ్ముల్లా కనిపించాయి. ఎమ్మిగనూరు మగ్గాల మీద నేయించిన మందపాటి నూలు దుప్పట్లు మస్తానన్న రైతులకు పంచాడు. దుప్పటి పత్తి మీదికి, కంబళి రైతు భుజం మీదికి చేరాయి. నల్ల పోగులు ఆగిపోయాయి. బృందాన్ని మార్చాలన్న వాక్యాన్ని మేనేజరే 8డిలోంచి కొట్టేశారు.

సరఫరాదారు సరుకులో లోపం వచ్చినప్పుడు ఇప్పుడు నేను ముందు చూసేది ఒకటే. అవే చేతుల నుంచి మంచి సరుకు కూడా వస్తోందా? వస్తుంటే ‘ఎందుకు’ అని అడగడం కాసేపు ఆపి, లోపం ఎక్కడుంది, ఎక్కడ లేదు అని అడుగుతాను. ఈ చదువు చెప్పినందుకు మస్తానన్నకు, మరియమ్మకు, పేరైనా అడగకుండా నేను ఎవరి కంబళి కప్పుకున్నానో ఆ రైతుకు నేను రుణపడి ఉన్నాను.

నింద తొలగిందన్న కబురు ఆ రోజు మరియమ్మకు నేనే వెళ్లి చెప్పాను. ఆమె లోపలికెళ్లి, ఉతికి ఆరేసిన తన టోపీ తెచ్చి, పలచబడిన నా తల వైపు చూస్తూ నా చేతిలో పెట్టింది.

“నిజంగా జుట్టు రాలేది మీదే సార్. పెట్టుకోండి.”

పెట్టుకున్నాను. మిల్లులో ఇప్పటికీ అదే పెట్టుకుంటాను.