బతుకమ్మ ఆటలో భ్రమరాంబ

బెజవాడలో భర్త పోయిన నాటి నుంచి భ్రమరాంబను ఎవరూ పేరంటానికి పిలవలేదు. తొమ్మిదేళ్ల తరువాత, 1946లో, దవాఖానలో కాన్పులు చేసే నర్సు పని దొరికి నైజాం రాజ్యంలోని సిద్దిపేటకు వచ్చింది. భాష తెలుగే, ఊరు మాత్రం పరదేశం. బతుకమ్మ నాటి సాయంత్రం వీధి ఆడవాళ్లంతా పూలు పేర్చి చుట్టూ ఆడుతుంటే, వెళ్లాలని ప్రాణం లాగినా తలుపు చాటునే నిలబడింది.

ఎదురింట్లో మగ్గం నేసే సాయవ్వ పసిగట్టింది. "ఏంది నర్సమ్మా, గాడ దాసుకున్నవ్? రా!"

"నేను విధవనండి," అంది భ్రమరాంబ, గొంతు తగ్గించి.

"గైతేంది? నా మనుమడు నీ చేతులల్లనే పుట్టె. సప్పట్లు కొట్టనీకి మొగడు గావాల్నా?"

భ్రమరాంబ నిర్ఘాంతపోయింది. నడివీధిలో అంతమాట! ఎవరూ చెవులు మూసుకోలేదు సరికదా, పకపకా నవ్వారు. సాయవ్వ ఆమెను చెయ్యి పట్టి ఆటలోకి లాగింది. పక్కన వంగి చప్పట్లు కొడుతున్న వీధి చివరింటి రాములవ్వ నుదుట బొట్టు లేదు. ఆ పక్కామెకూ లేదు. తనను తొమ్మిదేళ్లు మూల కూర్చోబెట్టిన శాస్త్రానికి ఈ వీధి పేరే తెలియదన్నమాట.

"మెల్లగమ్మా!" అంది రాములవ్వ. "పుట్టిన పోరని పిర్ర మీద కొట్టినట్టు కొడుతున్నవ్."

అరచేతులు ఎర్రబడేదాకా భ్రమరాంబ ఆగలేదు.