మూడో లాంగ్‌టర్మ్

ఎంసెట్‌లో మెడిసిన్ సీటు రాని పిల్లలు ఇంకో ఏడాది హాస్టల్లో ఉండి మళ్లీ అదే పరీక్షకు చదవడాన్ని మా వైపు లాంగ్‌టర్మ్ అంటారు. మా చెల్లి గుడివాడలో రెండు లాంగ్‌టర్మ్‌లు చేసింది. రెండోసారి కూడా సీటు కొద్దిలో తప్పిపోయింది. మూడో ఏడాదికి మంచం ఉంచాలో, ఇంకొకరికి ఇచ్చేయాలో సోమవారంలోగా చెప్పమని హాస్టల్ వాళ్లు ఫోన్ చేశారు.

చెప్పాల్సింది నేను. నాన్న పెడనలో కలంకారీ బల్ల దగ్గర అచ్చులు వేసేవాడు. చదువుల సంగతి ఏదొచ్చినా అమ్మకీ ఆయనకీ నేనే దిక్కు. బందర్లో ఓ ప్రైవేటు కాలేజీలో ఇంగ్లిషు పాఠాలు చెప్పుకునే నన్ను పట్టుకుని ఏ వైస్‌ఛాన్సలరో అన్నట్టు చూసేవాళ్లు. "నువ్వెలాగంటే అలాగేనమ్మా" అనేవాడు నాన్న. ఆ మాట వింటే మామూలుగా గర్వంగా ఉండేది. ఆ వారం మాత్రం భయం వేసింది. ఎదిగిన పిల్లను ఇంకో ఏడాది ఆ ఇరుకు గదికి పంపడమా, డాక్టర్ కావాలన్న దాని కోరికను అక్కడితో తెంపేయడమా అన్నది నా నోటిమాట మీద ఆధారపడి ఉంది.

సరిగ్గా అప్పుడే మా కాలేజీ ఎకనామిక్స్ మాస్టారు ఓ విదేశీ రచయితను నెత్తికెత్తుకున్నారు. గొప్పవాళ్లు ఎందుకు గొప్పవాళ్లయ్యారు, సమాజం ఎవరిని పైకి తెస్తుంది అని రాసే మనిషి. మాస్టారు విజయవాడ పేవ్‌మెంట్ మీద ఆయన పుస్తకాలు మూడు కొన్నారు. "చదవండి మేడమ్, మీ చెల్లాయి సంగతి మొత్తం ఇందులోనే ఉందండీ" అని నా చేతిలో పెట్టారు. వాటిని సంచిలో వేసుకుని పెడన బస్సెక్కాను.

మొదటి పుస్తకం బస్సులోనే పట్టేసుకుంది. ప్రతిభ అంటూ వేరే ఏమీ లేదట, ఏళ్ల తరబడి ఒకే పని మీద కూర్చున్నవాడే నెగ్గుతాడట. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకేముంది, మా పిల్ల కూర్చుంది, ఇంకో ఏడు కూర్చుంటే సరి. పెడనలో దిగేటప్పటికి మూడో లాంగ్‌టర్మ్ ఖాయం చేసేశాను.

రెండో పుస్తకం ఆ ఖాయాన్ని కాస్తా ఊడగొట్టింది. ఎక్కువ ఆలోచించేవాళ్లే ఎక్కువ తప్పులు చేస్తారట. మనిషిని చూడగానే మనసుకు తట్టేదే చాలాసార్లు నిజమవుతుందట. మధ్యాహ్నం చెల్లి పెరుగన్నంలో ఆవకాయ నంజుకుంటుంటే ఎదురుగా కూర్చుని దాని మొహం వైపు చూశాను. నా మనసుకు ఏమీ తట్టలేదు, బాగా చిక్కిపోయిందని తప్ప.

"ఏంటక్కా అలా చూస్తున్నావ్?"

"ఏం లేదు, తిను."

మూడో పుస్తకం దగ్గర నాకు పిచ్చెక్కినంత పనైంది. మనిషి కష్టం కన్నా వాడు ఎప్పుడు పుట్టాడు, ఎక్కడ పెరిగాడు అన్నదే ముఖ్యమంటాడు అందులో. తరగతిలో అందరికన్నా చిన్న పిల్ల మొదట్లోనే వెనకబడుతుంది, ఆ కాస్త తేడా ఏటేటా పెరుగుతుంది అంటాడు. అది చదవగానే ఎగిరి కూర్చున్నాను. చెల్లి పుట్టింది కార్తీక మాసంలో. బడి రికార్డులో ఉన్నది జూన్. బడి తెరిచేనాటికి అయిదేళ్లు నిండినట్టు చూపడానికి మా హెడ్మాస్టరు గారు వేసిన తేదీ అది. అంటే దాన్ని వయసు రాకుండానే బళ్లో వేశారు. నాకు దొంగ దొరికాడు. చిర్రెత్తుకొచ్చి తిన్నగా వంటింట్లోకి వెళ్లాను.

"దాన్ని ఆర్నెల్లు ముందు బళ్లో వేసి ఏం సాధించారమ్మా? అందుకే అన్నిటికీ కొద్దిలో తప్పుతోంది. పుస్తకంలో ఉంది."

అమ్మ చేస్తున్న పని ఆపలేదు. "మరి నువ్వు పుట్టింది మాఘమాసంలో కదే. నీకూ జూనే వేశారు. బళ్లో చేరేనాటికి దానికన్నా చిన్నదానివి నువ్వే, నువ్వు లెక్చరర్‌వి కాలేదా? అసలా బళ్లో జూన్ కాకుండా ఇంకో నెల ఉన్న పిల్లెవత్తో చెప్పు."

బడికి బడే జూన్‌లో పుట్టిన ఊళ్లో ఎవరు పెద్దో ఎవరు చిన్నో తేల్చడానికి ఆ రచయిత దిగొచ్చినా కుదరదు. ఆయన మీద కోపం వచ్చింది, ఎకనామిక్స్ మాస్టారి మీద అంతకన్నా ఎక్కువ వచ్చింది. మూడు పుస్తకాలూ మంచం మీద పడేసి బట్టలు ఉతుక్కోవడానికి వెళ్లాను. ఉతుకుతున్నంతసేపూ బుర్రలో అవే. కూర్చుంటే వస్తుందన్నవాడూ, చూస్తే తెలుస్తుందన్నవాడూ, పుట్టుకను బట్టి అన్నవాడూ ఒకడేనాయె. చదువుతున్నప్పుడు మూడూ నిజమే అనిపించాయి. ఇప్పుడు ఏ ఒక్కటీ పనికి రావడం లేదు.

తిరిగొచ్చేసరికి చెల్లి మొదటి పుస్తకం చదువుతోంది. ఇంగ్లిషు కష్టమైనచోట వేలు పెట్టుకుని మరీ చదువుతోంది. చాలాసేపటికి తలెత్తింది.

"అక్కా, ఇందులో నెగ్గినవాళ్ల గురించి రాశాడు. వాళ్లంత కష్టపడీ నెగ్గనివాళ్లు ఏమయ్యారని ఎక్కడైనా రాశాడా?"

"ఉండే ఉంటుందే" అని పుస్తకం లాక్కున్నాను. ముందు నుంచి తిప్పాను, వెనక నుంచి తిప్పాను. వ్యాపారులున్నారు, ఆటగాళ్లున్నారు, సంగీతం వాళ్లున్నారు. రెండు లాంగ్‌టర్మ్‌లు చేసి ఇంటికొచ్చిన పిల్ల లేదు. నేను పేజీలు తిప్పుతున్నంతసేపూ అది నా చేతుల వైపే చూస్తోంది. ఆ చూపులోని ఆశ చూసి ఇంకోసారి మొదటి నుంచి తిప్పాను.

ఆదివారం సాయంత్రం నాన్న పని ముగించి చేతులు కడుక్కుని వచ్చాడు. "ఏమనుకున్నావమ్మా? పొద్దున్నే వాళ్లకి చెప్పాలి."

"నాకు తెలీదు నాన్నా."

ఆ ఇంట్లో నేను ఆ మాట అనడం అదే మొదలు. నాన్న తువ్వాలు భుజాన వేసుకుని నా వైపు, అమ్మ వైపు చూశాడు. "నీకే తెలీకపోతే ఎలాగమ్మా" అన్నాడు. అందులో కోపం లేదు, బెదురు ఉంది. కాసేపటికి చెల్లే అంది, "నేను వెళ్లను నాన్నా" అని. ఎందుకని ఎవరూ అడగలేదు. పొద్దున్న నాన్న ఫోన్ చేసి మంచం వద్దని చెప్పేశాడు.

అది బందర్లోనే బీఎస్సీ చేసింది. ఇప్పుడు ఓ ఆసుపత్రి ల్యాబ్‌లో రక్త పరీక్షలు చేస్తుంది. బాగానే ఉంది, నవ్వుతుంది, నన్ను ఆటపట్టిస్తుంది. ఆ మధ్య నాకు జ్వరమొస్తే సూది గుచ్చి రక్తం తీస్తూ, తల ఎత్తకుండానే అడిగింది.

"ఆ ఏడు కూడా వెళ్లుంటే వచ్చేదేమో కదక్కా?"

"తెలీదే" అన్నాను.

ఆ ఆదివారం నా నోట ఆ మాట విని వెళ్లనని చెప్పేసిన పిల్ల ఈసారి ఊరుకోలేదు. "నువ్వప్పుడు వెళ్లమనుంటే వెళ్లేదాన్నక్కా" అని, గుచ్చినచోట దూది పెట్టి నా చెయ్యి మడిచింది.