రెండో మెట్ల దారి

మా టీచరుగారు పోయారన్న కబురు పొద్దున మొదటి బెల్లు కొట్టాక అందింది. కొండపల్లిలో నేను పనిచేసే స్కూలుకి ఫోన్ చేసింది ఆవిడ పాత విద్యార్థిని. "మేడమ్, మన టీచరుగారు తెల్లారుజామున పోయారండీ. మధ్యాహ్నం నమాజు అయ్యాక తీసుకెళ్తారంట. వస్తారా?" అంది. హెడ్మాస్టరుగారికి చెప్పి ఆవిడ ఇల్లున్న భవానీపురం బయలుదేరాను. క్లాసులో ఎలా నిలబడాలో నాకు నేర్పింది ఆవిడే. ఆవిడ గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే, ఎటు మొదలుపెట్టినా ఆ మెట్ల దగ్గరికే వచ్చి ఆగుతున్నాను.

తొంభైల చివర్లో బీఈడీ చదువుతుండగా టీచింగ్ ప్రాక్టీసుకి నన్ను వన్ టౌన్‌లో ఒక ఎయిడెడ్ స్కూలుకి వేశారు. కింద ఎండుమిరపకాయల గోడౌన్, పైన ఆడపిల్లల బడి. ఎక్కడానికీ దిగడానికీ ఒకటే చెక్క మెట్ల దారి. ఇద్దరు పక్కపక్కన నడిస్తే భుజాలు రాసుకునేవి. సైన్సు చెప్పే టీచరుగారి దగ్గర నన్ను కూర్చోబెట్టారు. నూలు చీర, తలమీద కొంగు, మగవాళ్ళు పెట్టుకునేలాంటి పెద్ద వాచీ. క్లాసులోకి రాగానే కిటికీలన్నీ తనే తెరిచేవారు. కింద బస్తాలు దించేటప్పుడు ఘాటుకి పిల్లలు తుమ్ముతుంటే, "కానీండి, అందరివీ అయ్యాకే మొదలెడదాం" అని నవ్వుతూ ఆగేవారు.

పాఠాలతో పాటు ఆ స్కూలుకి పనికొచ్చే సేవ ఏదైనా చేసి చూపించాలని మా కాలేజీలో నియమం. తోటివాళ్ళు మొక్కలు నాటారు, గోడలమీద సూక్తులు రాశారు. నేను పిల్లల భద్రత ఎంచుకుని చార్టులు గీసి వరండాలో తగిలించాను. టీచరుగారు వాటిని ఓపిగ్గా చూశారు.

"బొమ్మలు బాగున్నాయమ్మా. నువ్వు వెళ్ళాక ఊడిపోతాయి. మెట్లు మాత్రం ఇట్టాగే ఉంటాయి. వాటి సంగతేదో చూద్దామా?"

అప్పటినుంచి అది మా ఇద్దరి పని అయింది. వెనక వరండా రెయిలింగు కోసి సందులోకి ఇనుప మెట్లు దింపొచ్చని తేల్చుకున్నాం. ఈలోగా నిప్పంటుకుంటే తోసుకోకుండా ఎలా దిగాలో పిల్లలకు నేర్పాం. చిన్నవాళ్ళు ముందు, పెద్దపిల్లలు వాళ్ళ చేతులు పట్టుకుని వెనక. సంచుల కోసం వెనక్కి తిరిగేవాళ్ళని ఆవిడ ఊరుకునేవారు కాదు. "పుస్తకాలు మళ్ళీ కొనుక్కోవచ్చు. నడు" అనేవారు.

స్కూలు కమిటీ ప్రెసిడెంటుకి ఆ పక్క వీధిలోనే బట్టల కొట్టు. బిల్డింగు కూడా ఆయనదే. మాకు కూల్‌డ్రింకులు తెప్పించి, "మీరు చెప్పేది న్యాయమేనండీ, వచ్చే ఏడు చూద్దాం" అన్నారు. నా ప్రాక్టీసు అయిపోయింది. సేవకు మార్కులు కూడా బాగానే వచ్చాయి. ఆ సంగతి చెప్పడానికి వెళ్తే టీచరుగారు వీపు తట్టి, "నీ మార్కులు వచ్చాయిగా, ఇంక నా వంతు" అన్నారు.

ఆ తర్వాత ఆవిడ ఒక్కరే తిరిగారు. ఏటా అదే కొట్టు, అదే కూల్‌డ్రింకు, అదే జవాబు. శనివారం శనివారం పిల్లల్ని దింపడం మాత్రం మానలేదు. ఆడపిల్లల చేత ఈ అపశకునపు ఆటలేమిటని కొందరు తల్లులు వచ్చి గొడవ చేసినా మానలేదు.

ఒక ఏడాది వానాకాలం మొదట్లో గోడౌన్‌లో కరెంటు తీగలు కాలి బస్తాలు అంటుకున్నాయి. మిరపకాయల పొగ. అదంతా మెట్లమీదుగానే పైకి వచ్చింది. టీచరుగారు మెట్ల మలుపులో కొంగు ముక్కుకి కట్టుకుని నిలబడి, పిల్లలందరినీ ఆ పొగలోంచే దింపారు. ఒక్కరికీ ఏమీ కాలేదు. దగ్గు మాత్రం ఆవిడకి ఉండిపోయింది.

తర్వాత తనిఖీకి వచ్చినవాళ్ళు, ఈ భవనం బడికి పనికిరాదని రాసిపోయారు. ఆరోజు ఆవిడ నాకు ఫోన్ చేశారు. ఆ గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు. "ఇంక రెండో మెట్లు వేయక తప్పదమ్మా వాళ్ళకి" అన్నారు.

కమిటీవాళ్ళు బడి మూసేశారు. పై అంతస్తు కూడా మిరపకాయలకే అద్దెకిచ్చారు.

పిల్లలకు టీసీలు ఇచ్చి మెయిన్ రోడ్డు అవతల స్కూల్లో చేరమన్నారు. చేరినవాళ్ళు తక్కువ. టీచరుగారు ఇల్లిల్లూ తిరిగారు. నేనూ ఒక ఆదివారం వెంట వెళ్ళాను. తోపుడు బండి లాగే ఒక తండ్రి మాకు మంచం వాల్చి, తను నిలబడే మాట్లాడాడు.

"మీరున్నారని పంపామండీ ఇన్నాళ్ళూ. ఆ లారీల్లోంచి మా పిల్లని రోజూ ఎవరు దాటిస్తారు?"

"నేను దాటిస్తాను" అన్నారావిడ.

అన్నట్టే దాటించారు కూడా. పొద్దున్నే వచ్చి, దొరికిన పిల్లల్ని దొరికినట్టు వెంటపెట్టుకుని అవతలికి తీసుకెళ్ళేవారు. కొన్నాళ్ళకు ఆవిడను దివిసీమ వైపు ఒక ఊరికి వేశారు. ఆ పిల్లలు ఒక్కొక్కరే మానేశారు.

ఆవిడ రిటైరయ్యాక ఒకసారి చూడబోతే, దగ్గు తెరల మధ్య అన్నారు: "మెట్లు అడిగాను. తాళం వేశారు."

"పిల్లలు బతికారు కదండీ" అన్నాను.

"బతికారమ్మా. బతికి ఏం చదివారు?"

 

మొన్న నేను వెళ్ళేసరికి ఇల్లంతా ఆడవాళ్ళు. ఫోన్ చేసిన అమ్మాయి పక్కకు జరిగి చోటిచ్చింది. ఏడో తరగతితో ఆగిపోయి, ఇప్పుడు బట్టల కొట్లో చీరలు మడతపెడుతోంది. మగవాళ్ళు జనాజాను భుజాన ఎత్తుకుని ఖననానికి వెళ్ళాక, మెల్లగా అంది. "బజార్లో ఆవిడ కనబడితే పక్క సందులోకి తప్పుకునేదాన్ని మేడమ్. మళ్ళీ చదువుకుంటావా అని అడిగేవారు. ఏం చెప్పను?"

నేను తన చెయ్యి పట్టుకున్నాను. 

తిరుగు బస్సు ఎక్కేసరికి స్కూళ్ళు వదిలే వేళ. బస్సు కదిలాక కిటికీలోంచి చూస్తే, రోడ్డు వారన ఒక చిన్నపిల్ల వీపున సంచితో, లారీలను ఆగమని చెయ్యెత్తి నిలబడి ఉంది. ఒకటీ ఆగలేదు. బస్సు మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి అలాగే లేచి ఉంది.