మిగిలిన చార్జింగ్

చార్జింగ్ స్టేషన్ దగ్గర టాక్సీవాళ్లంతా అతన్ని ఆదా బాబాయ్ అనేవారు. వాళ్లు రెండుసార్లు చార్జింగ్ పెట్టుకునే దూరాన్ని అతను ఒక్కసారితో లాగించేవాడు మరి. బ్రేకు తొక్కాల్సి వస్తే ప్రాణం ఉసూరుమనేది. ఎర్రదీపాన్ని అల్లంత దూరం నుంచే చూసి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసేవాడు. కారు దానంతటదే నెమ్మదిస్తూ బ్యాటరీకి కాస్త కరెంటు తిరిగిచ్చేది. కిలోమీటరుకు ఎంత ఖర్చయిందో తెర మీద చూపించి మీసం మెలేసేవాడు. ఎవరి సరదా వాళ్లది, మనకెందుకు? కాకపోతే ఆ రోజు వెనక సీట్లో అక్క ఉంది.

ఆపరేషన్ అయిన అక్కను ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొస్తున్నాడు. బయట వాన, ఎముకలు కొరికే చలి. ఒంట్లో రక్తం తక్కువగా ఉంది, చలి తగలనివ్వొద్దని డాక్టరు మరీ మరీ చెప్పింది. దారిలో ఫాస్ట్ చార్జర్ ఉంది కదా అని ధీమాగా బయల్దేరాడు. తీరా వెళ్తే అక్కడున్న రెండింట్లో ఒకటి పాడైపోయి ఉంది. రెండోది ఎవరి కారుకో తగిలించి ఉంది. దాని చార్జింగ్ తొంభై శాతం దాటింది కాబట్టి మిగతాది ఎక్కడం ఇక నత్తనడకే. కారు మనిషి పత్తా లేడు. వానలో తడుస్తూ వెతికి, నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ తిరిగొచ్చాడు.

"కాసేపు ఆగుదామా?" అంది అక్క.

"వాడి కోసం మనం ఆగేదేంటి? ఉన్నదాంతోనే చేరుస్తా చూడు."

పంతం పట్టాడు. ముందు హీటర్ కట్టేశాడు. మెల్లగా పోనిచ్చాడు.

"ఒరేయ్, కాస్త వేడి పెట్టరా."

"అది చాలా తాగేస్తుందక్కా. కొంచెం ఓర్చుకో."

అక్క మళ్లీ నోరు మెదపలేదు. చిన్నప్పటి నుంచీ తమ్ముడి మొండితనం ఆమెకు తెలిసిందే. అతని కళ్లు తెర మీదే ఉన్నాయి. అంకె అనుకున్నంత పడిపోకపోయేసరికి లోలోపల సంబరపడ్డాడు కూడా. ఏం మనిషో!

ఇంటి ముందు ఆపి వెనక్కి తిరిగాడు. "చూశావా అక్కా, ఇంకా ఇరవై శాతం మిగిలింది!"

అక్క తలుపు తీయబోయింది. వేళ్లు వంగలేదు. పెదవులు నల్లబడ్డాయి, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. అతను హీటర్ పూర్తిగా తిప్పేసి, వెనక్కెళ్లి ఆమె చేతులు రుద్దసాగాడు.

"మళ్లీ అడగొచ్చు కదక్కా!"

"దార్లో ఆగిపోతామేమో అనుకున్నాన్రా" అంది అక్క వణుకుతూనే. "ఇంత ఉందని నాకేం తెలుసు?"

అతనికి తెలుసు. సగం దారికి వచ్చేసరికే తెలుసు.