ఎర్ర చుక్కల ఇంజను

ఆ పాత పికప్ బండి యజమానిని అందరూ చెక్‌పోస్టు అంటారు, ఆయనకు తెలియకుండానే అంటున్నామన్న ధీమాతో. ఆయనకు తెలుసు. ఆ పేరు చాటున ఇంకేదైనా పేరు కూడా పెట్టారేమోనన్నదే ఆయన అనుమానం. తాళం వేశాక రెండుసార్లు లాగి చూడటం లోకంలో అందరూ చేసేదే. అలా లాగడం వల్ల తాళం వదులైందేమోనని వీధి మలుపు దాకా వెళ్ళినవాడు వెనక్కి రావడం మాత్రం చెక్‌పోస్టుకే చెల్లింది. "కాయ తియ్యగా ఉందండీ" అని అమ్మేవాడు తనంతట తాను చెప్పాడంటే ఆ కాయ ఇక ముట్టుకోడు.

ఇంతటి జాగ్రత్తపరుడి బతుకుతెరువు అద్దాల రవాణా. దుకాణం నుంచి కిటికీ అద్దాలూ తలుపు అద్దాలూ ఇళ్ళకు చేరవేయాలి. ఇన్నేళ్ళలో ఒక్క పలక పగిలింది లేదు. బండికే వయసు మీదపడింది. మెరక వీధి ఎక్కాలంటే సగం బరువుకే దగ్గి, రొప్పి, నల్లటి పొగ వదిలి, ఒక్కోసారి వెనక్కి జారేది. మొన్న జారినప్పుడు పలకలు ఒకదానికొకటి తగిలి కిర్రుమన్నాయి. ఆ సంగతి అద్దాల షావుకారు చెవిన పడింది.

"సోమవారం మెరక మీది కొత్త లైబ్రరీకి నిలువెత్తు అద్దాలు వెళ్ళాలి. ఒకే ట్రిప్పులో. నీ బండి ఎక్కలేదంటే ఇకమీదట వేరేవాళ్ళకి చెప్పుకుంటాను, ఏమీ అనుకోకు" అన్నాడు షావుకారు, చాలా మర్యాదగా.

ఎదుటివాడు మర్యాదగా మాట్లాడినప్పుడే భయపడాలన్నది చెక్‌పోస్టు సిద్ధాంతం. భయపడ్డాడు. పెద్ద ఇంజను వేయించడానికి సిద్ధపడ్డాడు.

వేసేవాడు స్వయానా బావమరిది. సొంత షెడ్డున్న మెకానిక్. మెకానిక్‌ని నమ్మకూడదు, బావమరిదిని అసలే నమ్మకూడదు. ఆ ఇద్దరూ ఒకే చొక్కాలో దూరి ఎదురుగా నిలబడితే మనిషన్నవాడు ఏం కావాలి?

ఇంజనును చెక్‌పోస్టే ఏరుకున్నాడు. వెనకనుంచి గుద్దించుకుని నడుము విరిగిన ఒక వ్యానుది అది. ముందుభాగం చెక్కు చెదరలేదు. స్టార్టు చేయించి విన్నాడు. ఆపించి మళ్ళీ విన్నాడు.

"ఆగిపోయాక ఏం వింటావు బావా?"

"ఏమైనా దాస్తోందేమోనని."

ఏమీ దాయలేదు. మేలైన ఇంజను. బెంగంతా అక్కడే మొదలైంది. ఇంత మేలైనది షెడ్డులో ఉంటే, దాని పంపొకటీ పైపొకటీ ఇంకొకడి బండిలోకి నడిచిపోవన్న హామీ ఏది? అందువల్ల భార్య అలమారలోని ఎర్రటి గోళ్ళరంగు సీసా, ఎవరితోనూ చెప్పకుండా, చెక్‌పోస్టు జేబులోకి మారింది.

శనివారం పాత ఇంజను గొలుసుకు వేలాడుతూ బయటికొచ్చింది. "ఇంట్లోంచి బీరువా తీసేసినట్టుంది" అన్నాడు చెక్‌పోస్టు ఆ ఖాళీలోకి తొంగిచూసి. కొత్తది భారీ శాల్తీ. దానికోసం రేడియేటరును ముందుకు జరిపి, ఇంజను కూర్చునే దిమ్మలను కోసి కొత్తచోట వెల్డింగు చేయాల్సి వచ్చింది. బావమరిది దాన్ని నెమ్మదిగా దించి, అన్ని బోల్టులూ ముందు చేత్తో తిప్పి నిలబెట్టాడు. పక్కనే బల్లమీద ఎర్ర పెయింటు డబ్బా, కుంచె ఉన్నాయి. ఇంజను పనికి పెయింటెందుకు? పాతదాన్ని కొత్తదిగా చూపడానికే అయుంటుంది. చెక్‌పోస్టు అడగలేదు. అడిగితే బావమరిది జాగ్రత్తపడతాడు.

"అన్నానికి రా బావా."

"నువ్వు తిను. నాకు ఆకలిగా లేదు."

ఆకలితో కడుపు నకనకలాడుతున్నా చెక్‌పోస్టు బానెట్ కింద దూరి తన కార్యం ముగించాడు. పంపుకొక చుక్క, మూతకొక చుక్క, ఇంజనును దిమ్మలకు పట్టి ఉంచే బోల్టులకు తలా ఒక చుక్క. ఇంటికి వచ్చిన కోడలికి బొట్టు పెట్టినంత శ్రద్ధగా పెట్టాడు. సీసాను బండి సొరుగులో దాచాడు. సాయంత్రానికి పని పూర్తయింది.

ఆదివారం పొద్దున ఇసుక బస్తాలు ఎక్కించి, భార్యను సాక్షిగా పక్కన కూర్చోబెట్టుకుని మెరక వీధి ఎక్కించాడు. బండి పొగరుగా ఎక్కింది. సగం దూరం పోయాక కాళ్ళకింద ధన్‌మని మోగింది. మళ్ళీ ధన్. స్టీరింగు వణికింది. చెక్‌పోస్టు బండాపి, బానెట్ ఎత్తి, చుక్కలన్నీ చూసుకున్నాడు. ఎక్కడివక్కడే ఉన్నాయి. దాంతో గుండె ఇంకా జారింది. దొంగతనం జరగలేదంటే అంతకంటే పెద్దదేదో జరిగిందన్నమాట.

తిన్నగా షెడ్డుకు పోయాడు. "ఏం చేశావురా నా బండిని?"

బావమరిది ఇంజను కింద గడ్డపార పెట్టి ఎత్తాడు. అంత పెద్ద ఇంజనూ అవునన్నట్టు తలూపింది.

"ఈ బోల్టులు బిగించలేదు."

"విన్నావా? వాడే ఒప్పుకుంటున్నాడు" అన్నాడు చెక్‌పోస్టు భార్యతో.

"బిగించిన ప్రతి బోల్టుకీ రంగు పెడతాను బావా, మరిచిపోకుండా. అన్నం తిని వచ్చి చూస్తే వీటికి రంగుంది. బిగించేశాననుకుని వదిలేశాను." బావమరిది వంగి గోటితో గీకాడు. "కానీ నేను పెట్టేది గీత. ఇది చుక్క. పైగా మెరుస్తోంది."

చెక్‌పోస్టు భార్య కూడా వంగింది.

"ఇది నా గోళ్ళరంగు."

చెక్‌పోస్టు బానెట్ దించబోయాడు.

"సీసా కనబడక నా తోడికోడలే తీసిందనుకున్నాను. నిన్నటినుంచి దానితో మాటల్లేవు" అందామె.

"గుర్తు పెట్టుకున్నాను, అంతే. ఎవరైనా సామాను మారుస్తారేమోనని."

"ఎవరైనా అంటే?" అన్నాడు బావమరిది. ఆ షెడ్డులో పనిచేసేది అతనొక్కడే.

చెక్‌పోస్టు రేడియేటరు వంక దీక్షగా చూశాడు. రేపే సోమవారం. ఇప్పుడు ఇతను పానా కింద పడేసి వెళ్ళిపోతే అద్దాలూ పోయినట్టే, బతుకుతెరువూ పోయినట్టే. "తప్పయిందిరా" అన్నాడు, ఇంజనుకు చెబుతున్నట్టు.

బావమరిది గుడ్డతో చుక్కలన్నీ తుడిచాడు. "నాదీ తప్పే. రంగు చూసి నమ్మకుండా చెయ్యి పెట్టి చూడాల్సింది."

"నేనెప్పుడూ చెప్పేది అదే కదా" అన్నాడు చెక్‌పోస్టు. ఆ క్షణంలో ఏ మాట అనకూడదో ఆ మాటే అన్నాడు.

బావమరిది పొడవాటి పానా తెచ్చి బావ చేతిలో పెట్టాడు. "నువ్వే బిగించు. నేను బిగిస్తే నీకు నిద్రపట్టదు." చెక్‌పోస్టు భుజం కలుక్కుమనేదాకా బిగించాడు. బావమరిది ఒక్కొక్కటీ సరిచూసి గీత పెట్టాడు.

సోమవారం నిలువెత్తు అద్దాలతో బండి మెరక ఎక్కింది. దగ్గలేదు, జారలేదు, ధన్‌మనలేదు. పైన షావుకారు పలకలన్నీ చూసుకుని, "వచ్చేవారం మిగతావి" అన్నాడు. పక్కసీటులోంచి దిగిన బావమరిది, బానెట్‌లో తలపెట్టిన బావను చూశాడు.

"ఎక్కింది కదా, ఇంకేంటి?"

"ఇంత సులువుగా ఎందుకెక్కిందా అని."

ఆ సాయంత్రం గోళ్ళరంగు సీసా అలమారకు తిరిగొచ్చింది. భార్య దాన్ని వెలుతురుకెత్తి చూసి, రంగు ఎంతవరకుందో అక్కడ సీసామీద పెన్నుతో గీత గీసింది. మొగుడూ పెళ్ళాల మధ్య ఆమాత్రం నమ్మకం లేకపోతే ఎలాగని చెక్‌పోస్టు చాలా నొచ్చుకున్నాడు.