మేస్త్రీ గారి లేత్

పంపులు తయారుచేసే ఆ కంపెనీలో వెయ్యి షేర్లుంటే, వంద మేస్త్రీవి. షెడ్డులో లేత్ మిషన్లు పది. అంటే ఒకటి తనదేనని ఆయన లెక్క. రిటైరైనా రోజూ పొద్దున్నే వచ్చి, భుజం మీది తువ్వాలుతో మూలనున్న లేత్‌ను పసిబిడ్డ ఒళ్లు తుడిచినట్టు తుడిచేవాడు. కంపెనీ ఇంకో వెయ్యి షేర్లు కొత్తవాళ్లకు అమ్మిన రోజున మాత్రం సగం తుడిచి ఆగిపోయాడు.

"అదేంటి బాబాయ్‌గారూ?" అంది లెక్కలు చూసే అమ్మాయి.

"నా వాటా సగమైందిగా తల్లీ. మిగతాది నాది కాదు."

నెల తిరక్కుండా ఆ డబ్బుతో మరో పది లేత్‌లు దిగాయి. "ఇప్పుడు ఇరవై. మళ్లీ ఒకటి మీదే! కొత్తదే తీసుకోండి," అని నవ్విందామె. ఆయన వాటి వంక చూడనైనా లేదు. మూలకెళ్లి, ఇన్నాళ్లూ వదిలేసిన సగాన్నే ముందు తుడిచాడు.